ప్రశ్న భాష, రోగి భాష

టెక్కలిలో మా వీధి కుర్రవాడొకడు తెలుగు బడిలో చదివి వైద్య కళాశాలలో చేరాడు. మొదటి ఏడాది సెలవులకు వచ్చినప్పుడు కళాశాల పరీక్షలో రాసిన జవాబు కాగితం నాకు చూపించాడు. మూత్రపిండం గురించి అతనికి తెలిసినదంతా అందులో ఉంది. మార్కులు మాత్రం లేవు. ప్రశ్న "డిస్కస్" అని అడిగింది. అతను ఒకటి, రెండు, మూడు అంటూ పేర్లు రాసి ఊరుకున్నాడు.

దీన్ని ఇంగ్లీషు రాకపోవడమని తీసిపారేయడం తేలిక. కాని జబ్బుల పేర్లు, ఎముకల పేర్లు అతనికి వచ్చు. లాటిను, గ్రీకుల నుంచి వచ్చిన ఆ మాటలు ఇంగ్లీషు బడి పిల్లలకూ కొత్తవే. తేడా వచ్చేది చిన్న మాటల దగ్గర. "ఎన్యూమరేట్" అంటే వరసగా పేర్లు చెబితే చాలు. "డిస్క్రైబ్" అంటే ఉన్నదున్నట్టు వర్ణించాలి. "ఎక్స్‌ప్లెయిన్" అంటే ఎందుకు, ఎలా అన్నది చెప్పాలి. "డిస్కస్" అంటే అటూ ఇటూ తూచి ఒక నిర్ణయానికి రావాలి. ఈ తేడా అతనికి ఎవరూ చెప్పలేదు, తెలిసే ఉంటుందనుకున్నారు. ఎవరికి తెలిసి ఉంటుంది? ఇంట్లో ఇంగ్లీషు వినబడే వర్గానికి. ఇటువంటి పరీక్ష వైద్యజ్ఞానంతోబాటు పుట్టిన ఇంటిని కూడా కొలుస్తుంది.

వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను 2017 నుంచి తెలుగులోనూ రాయవచ్చు. ప్రవేశం తెలుగులో, చదువు ఇంగ్లీషులో! దేశభాషల్లో వైద్యం చెప్పలేమన్న వాదన చరిత్ర ముందు నిలవదు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో వైద్యం చెప్పించింది. అయితే ఆ ఉర్దూ తెలంగాణ రైతు భాష కాదు, ప్రభువుల భాష. బోధనా మాధ్యమం మారినంత మాత్రాన చదువు ప్రజలది కాదని కూడా ఆ అనుభవం చెబుతున్నది.

అసలు పరీక్ష రోగి మంచం దగ్గర. రోగి బాధను రోగి మాటల్లోనే నమోదు చేయాలన్నది వైద్యవిద్యలో తొలి పాఠాల్లో ఒకటి. రాసే కాగితం మాత్రం ఇంగ్లీషుది! ఉద్దానం నుంచి వచ్చిన కొబ్బరితోట కూలీ "కాళ్లు పొంగాయి, అన్నం సయించడం లేదు, ఒళ్లు తేలిపోతోంది" అంటాడు. ఒళ్లు తేలిపోవడమంటే తల తిరగడమా, బలం లేకపోవడమా? అడిగి తెలుసుకోవాలి. అడగకుండా "వీక్‌నెస్" అని రాసేస్తే రోగి చెప్పింది అక్కడే ఆగిపోతుంది. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడికి వచ్చే పల్లెజనం క్రియాటినిన్, డయాలసిస్ అన్న మాటలు వాడుతున్నారు. ఆ మాటలు వాళ్లకు నేర్పింది నిఘంటువు కాదు, జబ్బు.

టెక్కలి మీదుగా పోయే రైలు పర్లాకిమిడి చేరుతుంది. అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి 1910ల్లో, విద్యార్థి ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్నను లేవనెత్తి పోరాడారు. బోధన భాష వాడుకకు దూరమైతే నష్టపోయేది ఎవరో ఆయన గ్రహించారు.

మన పని కూడా అక్కడే ఉంది. ప్రశ్నల్లోని క్రియలను విద్యార్థికి మొదటి నెలలోనే తెలుగులో విడమరచి చెప్పాలి. సంస్కృత సమాసాలు పోతపోయడం మాని, రోగుల మాటలను అర్థాలతో సహా సేకరించాలి. ఆ కుర్రవాడూ నేనూ ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాం. అందులో మొదటి మాట "ఒళ్లు తేలిపోవడం". దాని ఎదుట అర్థం ఇంకా రాయలేదు. ముందు పదిమందిని అడగాలి.