పక్కన లాయరు గారు కూర్చున్నారుగా!

మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ భరణం కేసును కోర్టు పోయిన నెల కొట్టేసింది. వరసగా మూడు వాయిదాలకు ఆవిడ వెళ్ళలేదు. ఎందుకమ్మా అంటే, "టీవీలో తీర్పయిపోయింది కదన్నా! నెలకు ఆరు వేలిస్తానని అందరి ముందూ సంతకం పెట్టాడు. మేడం పక్కన లాయరు గారు, సైకాలజిస్టు గారు కూడా కూర్చున్నారు" అంది. ఆరు వేలు రెండు నెలలొచ్చి ఆగిపోయాయి. సంతకం పెట్టిన కాగితం ఎక్కడుందో ఆవిడకు తెలీదు. ఏ ఛానెలో నేను చెప్పను.

ఈ ధీమా ఆవిడొక్కదానిదే కాదు. కుటుంబ గొడవల రియాలిటీ షోల్లో కూర్చునే నిపుణులను ఛానెలువాళ్ళు జల్లెడ పట్టి తెస్తారని, ఎవరినిబడితే వాళ్ళను కూర్చోబెట్టరని జనం నమ్ముతున్నారు. జల్లెడ ఉన్న మాట నిజమే. దాంట్లో నిలిచేదేమిటి, జారిపోయేదేమిటి అన్నదే అసలు సంగతి.

అలాంటి ప్రోగ్రాముకి నేను కొన్నాళ్ళు గెస్ట్ కోఆర్డినేటర్‌గా చేశాను. నా దగ్గరొక నోటుబుక్కు ఉండేది. పేరు, ఫోను నంబరు, పక్కన నా గుర్తులు: "అమీర్‌పేట, అరగంటలో రాగలరు", "తెలుగు బాగుంది", "గట్టిగా తిడతారు", "నసుగుతారు, వద్దు". డిగ్రీకి గడి లేదు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాత్రి తొమ్మిదింటికి ప్రొడ్యూసర్ ఫోన్ చేసి "రేపు పదింటికి షూటు, సైకాలజిస్టు హ్యాండిచ్చింది" అంటే, ముందు ఫోనెత్తినవాళ్ళే మర్నాటికి నిపుణులు.

ఆ "నసుగుతారు" ఎవరంటే, ఫ్యామిలీ కోర్టులో తల పండిన పెద్దాయన. ఏదడిగినా "కాగితాలు చూడకుండా చెప్పలేనండీ" అనేవారు. అంతకంటే సరైన జవాబు లేదు, టీవీకి అంతకంటే పనికిరాని జవాబూ లేదు. ఆయన్ని రెండోసారి పిలవలేదు. "వాణ్ణి లోపలేయించాలి" అని బల్ల గుద్దినవాళ్ళకు మాత్రం వారంవారం కారు పంపాం. కారు, భోజనం, అంతే, డబ్బులేమీ లేవు. మరెందుకొస్తారంటారా? లాయర్లు ప్రకటనలిచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ రూలు. ఆ దారి మూసుకుపోయినవారికి తెరమీద అరగంటసేపు పేరు పడితే ఇంకేం కావాలి?

ఇక "తీర్పు". లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం. స్టూడియోలో కుదిరిన రాజీకి ఆ బలం లేదు, కోర్టులో నడుస్తున్న కేసును అది ముగించనూ లేదు. ఫ్యామిలీ కోర్టు చట్టమైతే ఇద్దరిలో ఒక్కరు కోరినా విచారణ తలుపులు మూసి జరపాలంటుంది. చట్టం తలుపు మూసే చోట మేం లైట్లు పెట్టాం. తమిళంలో ఇలాంటిదే 'సొల్వదెల్లాం ఉణ్మై' షోను 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి కొన్నాళ్ళు నిలిపేసింది కూడా.

"అంతా స్క్రిప్టే" అనేవాళ్ళకు: అంత రాసే ఓపిక మాకెక్కడిది, ఏడ్చినవాళ్ళు నిజంగానే ఏడ్చారు. "సైకాలజిస్టంటే డాక్టరేగా?" కాదు. "నిపుణులు చెప్పిందంతా వేస్తారు": నలభై నిమిషాల్లో మూడు ముక్కలు మిగులుతాయి, ఆ మూడూ తిట్లే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. స్టేషను చుట్టూ ఏడాది తిరిగినా కదలనిది టీవీకెక్కితే కదులుతుందంటారు. కదులుతుంది. జీ తెలుగులో 'బతుకు జట్కా బండి', జెమినీలో 'రచ్చబండ' జీవిత, రోజా లాంటి సినిమావాళ్ళతో నడిచింది ఊరికే కాదు. సమన్లు తీసుకోకుండా తప్పించుకు తిరిగే మొగుడు కూడా సినిమా మేడం పిలుస్తోందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వస్తాడు. కళ్ళారా చూశాను. రప్పించడం వరకే ఆ కుర్చీ గొప్ప.

కాబట్టి వెళ్ళాలనుంటే వెళ్ళండి, కానీ కోర్టు వాయిదా మానకండి. స్టూడియోలో ఒప్పుకున్నదేదైనా లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళినా, 15100కి ఫోన్ చేసినా చాలు. సైకాలజిస్టు గారిని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే నొచ్చుకునేవారి దగ్గరకు వెళ్ళనే వద్దు.

ఇంకో మాట. షూటింగుకు ముందు మీ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. మేం పెట్టించింది ఇంగ్లీషులో ఉండేది, నాలుగు పేజీలు. దాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. నేను పెట్టించిన అన్ని సంతకాల్లో కాపీ కావాలని ఒక్కరూ అడగలేదు. అడిగినా ఇవ్వడానికి నా దగ్గర రెండో కాపీ ఉండేది కాదు.