శరీరము సహించు పరద్రవ్యములు



శస్త్రవైద్యమునకు మన పూర్వులు పెట్టిన పేరు శల్యతంత్రము. శల్యమనగా ఒంటిలో నాటుకొని బాధించు పరద్రవ్యము: ముల్లు, బాణపు మొన, విరిగిన యెముక తునక. దానిని వెలికి దీయుటయే ఆ శాస్త్రమున ప్రధానకార్యము గనుక ఆ పేరు వచ్చినది. నేటి శస్త్రవైద్యుడు దానికి విపరీతమైన పనిని కూడ చేయుచున్నాడు. తానే కోరి పరద్రవ్యమును తెచ్చి, ఒంటిలో నుంచి, కుట్లు వేసి, రోగిని ఇంటికి పంపుచున్నాడు. కంటిలో కటకము, తుంటిలో ఉక్కు, గుండెనాళములో లోహపు జల్లెడ. మరి ముల్లు విరిగి లోపల నిలిచినచో రెండు దినములకే చీము పట్టుచుండగా, పిడికెడు ఉక్కు ముప్పదియేండ్లు ఒంటిలో ఎట్లు ఊరకుండును?

ఇది కుతూహలమునకై వేయు ప్రశ్న కాదు. మా గొల్లపల్లిలో రచ్చకట్టకడ కూర్చున్నప్పుడు తోటివృద్ధులు నన్ను దీనినే పలువిధముల నడుగుచుందురు. "పంతులూ, కంట్ల ప్లాస్టిక్ బిళ్ల పెడ్తరట, అది ఖరాబు గాదా?" అని ఒకరు. "తుంట్ల రాడ్ ఏస్తే తుప్పు వట్టదా?" అని వేరొకరు. ఈ సందేహముతోనే ఆసుపత్రికి పోక, చూపు పోగొట్టుకొని అరుగుమీద కూర్చున్నవారిని నేనెరుగుదును. తుంటి విరిగి, ఆకుకట్టు కట్టించుకొని మంచము పట్టినవారి కథ మరింత దుఃఖకరము. ముసలితనమున తుంటికీలుచెంత ఎముక విరిగినప్పుడు విరుగుటకంటె ఆ పడకయే ప్రాణాంతకమగును. వీపున పుండ్లు పడును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. చేతియెముకకు పనిచేసిన కట్టు ఇక్కడ పనిచేయదు. సందేహము మాత్రము న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పక, డాక్టరు చెప్పెను గనుక చేయించుకొనుడని గద్దించుట బడిపంతులుకు తగినపని కాదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఈ విషయమై ఒక చక్కని విభాగము గలదు. కర్ర, వెదురు, గడ్డి మొదలగు వాని శల్యములను తీయనిచో అవి రక్తమాంసములను శీఘ్రముగా పక్వము చేయునట. అనగా చీము పట్టించును. బంగారము, వెండి, రాగి, ఇత్తడి, తగరము, సీసము చిరకాలము లోపల నున్నచో పిత్తపు వేడికి కరగి ధాతువులలో కలసిపోవునట. కొమ్ము, దంతము, రాయి వంటివి కరగక నిలుచునట. నేటి పరిశోధనల యెదుట నిలిపి చూచినచో దీనిలో కొంత నిలువదు. బంగారము ఒంటిలో కరగదు. రాగి, సీసము కొంత కరగునుగాని కలసిపోవుట గాదు, విషమగును. ఐనను మూలమైన గ్రహింపు గొప్పది. పరద్రవ్యములన్నియు ఒక్క తీరున ప్రవర్తింపవు. ఏ పదార్థమో చూచి ఫలితము చెప్పవలెను. పదార్థశాస్త్రము, శస్త్రవైద్యము చేయి కలిపిన చోటు సరిగా ఇదియే.

ఒంటిలోనికి క్రొత్తవస్తువు రాగానే రక్తములోని తెల్లకణములు దానిని చుట్టుముట్టును. తినగలిగినచో తినును. తినలేనిచో దానిచుట్టు సన్నని నారపొర నల్లి, గోడ కట్టి, తమ త్రోవను తాము పోవును. ముల్లుతో వచ్చు కీడు ముల్లుది మాత్రమే కాదు. దానివెంట లోపలికి పోయిన మట్టిది, సూక్ష్మజీవులది. వస్తువు శుద్ధముగా నుండి, కరగక, పొడి రాలక, విషమూరక యున్నచో శరీరము దానితో సంధి చేసికొనును. ఊరిలోనికి క్రొత్తగా కాపురము వచ్చినవానిని మనము చూచునట్లే యనుకొనుడు. ఎక్కడివాడన్నది నాలుగు దినముల ప్రశ్న. ఎట్లు మెలగుచున్నాడన్నది కలకాలపు ప్రశ్న.

తుప్పును గూర్చిన భయము ఉత్తది కాదు. 1912లో అమెరికాలో షెర్మన్ అను వైద్యుడు విరిగిన యెముకలకు వెనేడియము కలిసిన ఉక్కుపట్టీలను బిగించెను. అవి గట్టివేకాని ఒంటిలో తుప్పు పట్టెను. పట్టక మానునా! మన రక్తము ఉప్పునీరు వంటిదే కదా. 1937లో వెనబుల్, స్టక్ అనువారు ఇంకొక రహస్యమును బయటపెట్టిరి. రెండు భిన్నలోహములు ఒంటిలో ఒకదానినొకటి తాకుచున్నచో వాని నడుమ విద్యుత్తు పుట్టి, ఒకటి క్షీణించిపోవును. కావున పట్టీ ఒక లోహముతో, దానిని బిగించు మర వేరొక లోహముతో చేయరాదు. నేడు ఎముకలకు వాడు ఉక్కులో నూటికి సుమారు 17, 18 పాళ్లు క్రోమియము, దానితోపాటు నికెలు, మాలిబ్డినము ఉండును. క్రోమియము కంటికి కానరాని పలుచని పొరగా పైన గట్టుకొని లోపలి ఉక్కును కాచును. గీత పడినను ఆ పొర తానే మరల కట్టుకొనును. వంటయింటి స్టీలుగిన్నె తడిలో పడియున్నను తుప్పు పట్టకుండుటకు కారణమిదియే. తుంటిలోని ఉక్కు ఆ గిన్నెకు దగ్గరి చుట్టము.

టైటేనియము కథ ఇంకను వింతైనది. 1952లో స్వీడను దేశపు లుండ్ నగరమున బ్రానెమార్క్ అను శాస్త్రజ్ఞుడు, ఎముకలో రక్తము నడుచు తీరును చూడగోరి, కుందేళ్ల కాలియెముకలో టైటేనియపు పరికరమును బిగించెను. పని ముగిసి తీయబోగా అది ఊడిరాలేదు. ఎముక దానిని పట్టుకొని పెరిగియుండెను! పరికరము పాడైనదని విసుగుకొని యూరకున్నచో కథ అక్కడనే ముగిసియుండును. ఆయన అట్లు చేయక, 1965లో ఒక మనుష్యుని దవడలో టైటేనియపు మరలను నాటి వానిపై దంతములను నిలిపెను. ఈ లోహపు ఖనిజము మన భీమునిపట్నము, శ్రీకాకుళము తీరములలోని నల్లయిసుకయందు గలదు. 1973లో హైదరాబాదున నెలకొన్న మిశ్రధాతు నిగమమున టైటేనియపు మిశ్రలోహములు తయారగుచున్నవి.

ఇక కంటి సంగతి. మనవంటివారికి ముఖ్యమైనది ఇదియే కనుక కొంచెము నిలిచి చెప్పెదను. కంటిపాప వెనుక నున్న సహజకటకము వయస్సుతోపాటు మసకబారుటయే శుక్లము. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున శలాకతో దీనికి చికిత్స చెప్పియున్నాడు. అడ్డమును చూపుదారినుండి తొలగించు ఆ పద్ధతి రూపాంతరములతో చాలాకాలము నడచినది. తరువాతి వైద్యులు మసకబారిన కటకమును పూర్తిగా తీసివేయ నేర్చిరి. కాని తీసినచోట ఏమియు లేకపోవుటచే రోగికి సోడాబుడ్డి అద్దములు తప్పలేదు. వానిలో వస్తువులు పెద్దవై, దగ్గరకు వచ్చినట్లు తోచును. మెట్టు ఒకచోట నుండగా కాలు వేరొకచోట పడును. ఆ అద్దములు పెట్టుకొన్న తాతలు మనకందరకును జ్ఞాపకమే.

రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లవిమానముల గుండ్లదెబ్బకు పైకప్పులు పగిలి, ఆ తునకలు కొందరు చోదకుల కన్నులలో నాటుకొనెను. ఆ కప్పు గాజు కాదు. గాజువలె పారదర్శకమైన ప్లాస్టిక్. వారిని పరీక్షించిన హెరాల్డ్ రిడ్లీ అను నేత్రవైద్యుడు ఒక వింతను గమనించెను. తునకలు లోపలనే యున్నను కన్ను ఎర్రబడలేదు, చీము పట్టలేదు. అది సహించు ప్లాస్టిక్‌తోనే కటకము చేసి లోపల నిలిపిననో? 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆయన తొలిసారి ఆ పని చేసెను. కటకపు బలము లెక్క తప్పి ఆ రోగికి దూరపుచూపు సరిగా రాలేదు. తోటివైద్యులు తీవ్రముగా నెదిరించిరి. కంటినుండి పరద్రవ్యమును తీయుట వైద్యము గాని పెట్టుట వైద్యమా యని వారి వాదము. మన శల్యతంత్రపు పేరే వారి నోటను వినవచ్చినట్లున్నది! ఆ యెదిరింపు చల్లారుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టినది. రిడ్లీ ముసలితనమున తన కన్నులకును ఆ చికిత్సయే చేయించుకొనెను. 2000లో ఆయనకు సర్ బిరుదము లభించెను.

నేడు చేయు పద్ధతి మన జగిత్యాల మామిడిరైతుకు సులభముగా బోధపడును. రసపుపండును తొడిమకడ చిన్నరంధ్రము చేసి గుజ్జును పీల్చి తొక్కను నిలుపుదుము గదా! అట్లే సహజకటకపు పైపొరను నిలిపి, లోపలి మసకను శబ్దతరంగములతో పొడిచేసి పీల్చివేసి, ఆ సంచిలో క్రొత్త కటకము నుంతురు. నడిమిబిళ్ల కందిగింజ యంత యుండును. మెత్తని కటకమైనచో మడిచి, మూడు మిల్లీమీటర్లకు మించని గంటుగుండా పంపుదురు; అది లోపల విచ్చుకొనును. కావున శుక్లము పండువరకు ఆగవలెనన్న పాతమాట ఇక చెల్లదు. పండినకొలది అది గట్టిపడి, పీల్చుట కష్టమగును. నిత్యపు పనికి చూపు అడ్డమైన నాడే తగిన సమయము. కొందరికి కొన్నియేండ్లకు చూపు మరల మసకబారును. శుక్లము తిరిగి మొలచినదని వారు బెంగపెట్టుకొందురు. మొలచునది శుక్లము కాదు. నిలిపియుంచిన వెనుకపొర మసకబారుటయే. లేజరు కిరణముతో కత్తి తాకకయే దానిని సరిచేయుదురు. కటకము మాత్రము చెడదు.

హైదరాబాదున 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ 1996లో ముధోలున తన మొదటి గ్రామీణకేంద్రమును తెరచెను. అదే సంస్థవారు, హైదరాబాదు ఐ.ఐ.టి., కణజీవశాస్త్రకేంద్రమువారితో కలసి, దాతల నేత్రపటలపు పదార్థమునే ద్రవముగా చేసి, యంత్రముతో పొరలు పొరలుగా అచ్చువేసిన కృత్రిమపటలమును కుందేలికంట నాటినట్లు 2022లో ప్రకటించిరి. అది శుక్లమునకు కాదు, కంటి ముందుపొర తెల్లబడినవారికి ఉద్దేశింపబడినది.

రిడ్లీ వాడిన ప్లాస్టిక్ అక్కడితో ఆగలేదు. కట్టుడుపళ్ల గులాబిరంగు దిమ్మె అదే పదార్థము. తుంటికీలు మార్చునప్పుడు లోహపుకాడను ఎముకలో నిలుపు 'సిమెంటు' కూడ అదే. ఆ తుంటికీలును నిలబెట్టినవాడు ఆంగ్లవైద్యుడు జాన్ చార్న్‌లీ. మొదట ఆయన గిన్నెభాగమునకు టెఫ్లాను వాడెను. మన దోసెపెనమునకు పూసి అమ్ముచున్న జారుడుపూత అదే. అంత జారుడైనది అరగదని తలచెను. కాని రెండుమూడేండ్లకే అరగి, ఆ పొడికి చుట్టు మాంసము వాచి, ఎముక కరగి, వందలమందికి కీలు విప్పవలసివచ్చెను. దిమ్మెగా నున్నప్పుడు మంచివాడే. పొడియైనప్పుడు తెల్లకణములకు ఎడతెగని పోరు. చార్న్‌లీ తరువాత టెఫ్లానును, గట్టి పాలిథీనును తన తొడలోనే నాటించుకొని, ఏది వాచునో తన యొంటిమీదనే చూచెను. 1962 నుండి వాడిన పాలిథీను గిన్నెయే నేటి తుంటికీళ్లకు మూలము. క్రొత్తదన్న ప్రతిదియు మేలుకాదనుటకు వేరొక సాక్ష్యము గలదు: లోహముపై లోహము తిరుగునట్లు చేసిన ఒక తుంటికీలును 2010లో లోకమంతట అమ్మకమునుండి ఉపసంహరించిరి. దానినుండి రాలిన కోబాల్టు, క్రోమియపు పొడి చుట్టుమాంసమును చెరచెను.

మన సిరిసిల్ల నేతవారు వినదగిన సంగతి ఒకటి గలదు. గుండెనుండి వచ్చు పెద్దరక్తనాళము ఉబ్బి పగులనున్నప్పుడు దానిస్థానమున గుడ్డగొట్టమును కుట్టుదురు. ఆ గుడ్డ పాలియెస్టరు! సిరిసిల్ల మరమగ్గములపై నడచునదియు, 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మచీరలుగా ఇంటింటికి వచ్చినదియు ఆ జాతినూలే. శుద్ధిలోను, అల్లికలోను భేదము. 1947లో వూర్హీస్ అను అమెరికావైద్యుడు కుక్కగుండెలో నిలిచిపోయిన పట్టుదారముపై నునుపైన పొర కప్పుకొనుటను చూచి, దారమును శరీరము కప్పుకొనునేని గుడ్డను ఏల కప్పుకొనదని తర్కించెను. 1952లో ఆ ఫలితము ప్రకటింపబడెను. డిబేకీ అను వైద్యుడు నైలానుకై అంగడికి పోగా అది లేక, డేక్రాన్ అను పాలియెస్టరుగుడ్డను కొని, భార్య కుట్టుయంత్రముపై గొట్టముగా కుట్టినట్లు తానే చెప్పియున్నాడు. నేతలోని సందులే ఇక్కడ గుణము. కణములు ఆ సందులలో వేరూని గుడ్డను తమదిగా చేసికొనును.

సన్ననాళములకు గుడ్డ పనికిరాదు. అక్కడ స్టెంటు అను లోహపు జల్లెడగొట్టమును విప్పి నాళమును తెరచి నిలుపుదురు. 1990 దశాబ్దమున హృద్రోగవైద్యులు సోమరాజుగారు, శాస్త్రజ్ఞులు అబ్దుల్ కలాముగారు కూడి హైదరాబాదున చవుకైన స్టెంటును రూపొందించిరి. లోపల నుంచునది కాకపోయినను ఇంకొకదానిని చెప్పకుండలేను. అగ్ని క్షిపణికై సిద్ధపరచిన తేలికపదార్థమును నిజాము వైద్యవిజ్ఞానసంస్థలోని ఎముకలవైద్యు డొకరు చేతబట్టి చూచి, కలాముగారిని తన రోగులకడకు తీసికొనిపోయెనట. అక్కడి పిల్లలు మూడుకిలోలకు పైబడిన ఇనుపకాలిపట్టాలను ఈడ్చుచుండిరి. మూడు వారములలో 300 గ్రాముల పట్టాలు తయారైనవని కలాముగారే పలుమారు చెప్పిరి.

ఇక జాగ్రత్తలు. పరద్రవ్యమునకు రక్తము లేదు గనుక దానిపై సూక్ష్మజీవులు చేరినచో మందు వానిని అంటుట కష్టము. కావున తుంటి, మోకాలి కీళ్లు మార్పించుకొనుటకు ముందే పిప్పిపన్ను, కాలిపుండు మాన్పించుకొని, చక్కెరను అదుపున నుంచుకొనవలెను. కటకమునకైనను, కీలునకైనను ఇచ్చిన చీటిని పట్టాకాగితముతో సమానముగా దాచుకొనుడు. అది ఏ పదార్థమో, ఎంత కొలతదో దానిలో నుండును. ఎమ్మారై పరీక్షకు పోయినప్పుడు ఒంటిలో లోహమున్నదని ముందుగా చెప్పవలెను. నేటి ఉక్కు, టైటేనియము అయస్కాంతమునకు లాగబడనివే. ఐనను చెప్పుట మన పని, నిర్ణయము వారిది.

మరణానంతరమున అస్థిసంచయనమునాడు భస్మములో లోహము దొరకినచో ఏమిచేయవలెనని నన్ను అడిగినవారు గలరు. అది అస్థి కాదు. ధర్మపురికి తీసికొనిపోయి గోదావరిలో విడువ నక్కరలేదని నా యభిప్రాయము. వేరుగా నుంచినచో దోషము లేదు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్నవారి విషయమున మాత్రము, దానిలో బ్యాటరీ యుండుటచే చితిలో ప్రేలు ప్రమాదము గలదు గనుక, దహనమునకు ముందే వైద్యునిచే తీయింపవలెను. ఈ మాటను ఇంటివారికి ఇప్పుడే చెప్పియుంచుడు.