బ్యాటరీ లెక్కే తీరానికి కాపలా

మొన్న సూరత్ వెళ్ళినప్పుడు గోడాదరాలో మా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులు ఉన్నాను. సాంచాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వీధిలో నడుస్తుంటే ఒక చెవికి గుజరాతీ, మరో చెవికి కరీంనగర్ తెలుగు వినిపిస్తాయి. మా మేనల్లుడు మాత్రం మగ్గం జోలికి పోకుండా బ్యాటరీలు, ఇన్వర్టర్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. సాయంత్రాలు అక్కడే స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి.

రెండో రోజు డుమస్ వైపు నుంచి ఒక పెద్దాయన ఆటోలో బ్యాటరీ వేసుకుని వచ్చాడు. చేపల పడవది. కొని ఏడాది కాలేదు, అప్పుడే చార్జింగు నిలవడం లేదని ఫిర్యాదు. మేనల్లుడు దాన్ని పరీక్షించి, ‘‘కాకా, రాత్రిపూట ఏమేం వాడతారు? ఎంత కరెంటు ఖర్చవుతుందో ఎప్పుడైనా చూశారా?’’ అని హిందీలో అడిగాడు. ‘‘బ్యాటరీ ఉన్నంతసేపు లైట్లు వెలుగుతాయి, అయిపోతే ఆరిపోతాయి. అందులో చూసేదేముంది?’’ అన్నాడాయన.

పక్కనే నిలబడ్డ మా బావగారు నవ్వారు. నలభై ఏళ్ళు సాంచాల మధ్య బతికిన మనిషి. ‘‘మీటరు చూడకుండా సాంచ నడిపే సేటు ఈ ఊళ్ళో ఒక్కడుంటే చూపించు బావా’’ అన్నారు నాతో. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పెద్దాయన మాటలో మన తీర భద్రతకు సంబంధించిన ఒక పెద్ద లోపం కనిపించింది.

తెరమీద మాయమయ్యే చుక్క

2008 నవంబరులో ముంబైపై దాడి చేసిన పది మంది ఉగ్రవాదులు పోర్‌బందర్‌కు చెందిన ‘కుబేర్’ అనే చేపల పడవను నడిసముద్రంలో చేజిక్కించుకుని మన తీరానికి వచ్చారు. చూసేవాళ్ళకు అది మామూలు చేపల పడవే. ఆ తర్వాతే చిన్న పడవలను గుర్తించడం, వాటి కదలికలను గమనించడం జాతీయ భద్రతలో ముఖ్యాంశాలయ్యాయి. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన పథకం ఆ దారిలో పెద్ద అడుగు. సుమారు 360 కోట్ల రూపాయల ఖర్చుతో 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చాలన్నది లక్ష్యం. పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలుస్తుంది. ఆపదలో సందేశం పంపవచ్చు. సముద్ర సరిహద్దు దాటుతుంటే హెచ్చరిక వస్తుంది.

మంచి పథకమే. అయితే ఈ పరికరాలన్నీ కరెంటుతో పనిచేస్తాయి. సొంత బ్యాటరీ ఉన్న వాటికైనా ఎప్పుడో ఒకప్పుడు చార్జింగు కావాలి. పడవలో కరెంటు పోతే తెరమీద చుక్క మాయమవుతుంది. అప్పుడు ఒడ్డున కూర్చున్న సిబ్బంది ఏమనుకోవాలి? బ్యాటరీ అయిపోయిందా? హద్దు దాటి వేటాడేందుకు కావాలనే ఆపేశారా? లేక ఇంకో ‘కుబేర్’ సంగతా? ఈ మూడింటికీ తెరమీద ఒకటే రూపం, ఖాళీ. అమాయకుడి పడవకూ, దుర్మార్గుడి పడవకూ తేడా తెలియకుండా చేసే శక్తి ఒక చచ్చిన బ్యాటరీకి ఉంది.

గోడాదరా నగరానికి ఒక పక్కనైతే హజీరా మరో పక్క. అక్కడి ఎల్ అండ్ టీ నౌకా నిర్మాణ కేంద్రం మన కోస్ట్‌గార్డు కోసం ఇంటర్‌సెప్టర్ బోట్లు తయారు చేసింది. వాటి వేగం సుమారు 45 నాట్లు, అంటే గంటకు 83 కిలోమీటర్లు. అంత వేగం ఉన్నా, ముందు ఏ దిక్కుకు పరుగెత్తాలో తెలియాలి కదా.

నా తప్పు ఒకటి

ఈ విషయం నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. ఖడక్‌వాస్లా అకాడమీలో కేడెట్‌గా ఉన్నప్పుడు పీకాక్ బేలో తెరచాప పడవలు నడపడం నేర్చుకున్నాను. అక్కడ బ్యాటరీల గొడవ లేదు, గాలి ఉంటే చాలు. అసలు పాఠం తర్వాత, 1980ల మధ్యలో, ఉత్తర సరిహద్దు కొండల్లో నేర్చుకున్నాను. సిగ్నల్స్ విభాగంలో యువ అధికారిని. ఒక గస్తీ దళానికి వైర్‌లెస్ సెట్టు, బ్యాటరీలు సిద్ధం చేసి పంపే బాధ్యత నాది. బ్యాటరీ నిండుగా ఉందో లేదో వోల్టుమీటరుతో చూశాను, ముల్లు సరైన చోటే ఉంది. అంతకుముందు ఎన్ని గంటలు వాడారో, ఆ చలిలో దాని బలం ఎంత తగ్గుతుందో లెక్క వేయలేదు. గస్తీ బయలుదేరిన కొన్ని గంటలకే సెట్టు మూగబోయింది.

వాళ్ళకేమీ కాలేదు. కానీ మాకు ఆ సంగతి తెలియదు. మంచు కురుస్తున్న రాత్రి వెతకడానికి ఇంకో దళాన్ని పంపాల్సి వచ్చింది. వెతకడానికి వెళ్ళిన ఒక జవాను కాలివేళ్ళకు మంచుకాటు తగిలింది. తెల్లవారేసరికి గస్తీ దళం మామూలుగా తిరిగివచ్చింది. దెబ్బ తిన్నది మాత్రం వాళ్ళను వెతకడానికి పోయినవాడు. మరునాటి నుంచి ప్రతి బ్యాటరీకీ ఒక పుట కేటాయించి రిజిస్టరు పెట్టాను. ఎప్పుడు నింపాం, ఎన్ని గంటలు వాడాం, ఎవరు చూశారు అన్నవి డ్యూటీ మారిన ప్రతిసారీ రాయాల్సిందే. పదవీ విరమణ దాకా ఆ అలవాటు మానలేదు.

ఒక రాత్రి జమాఖర్చు

ఇప్పుడు పడవ లెక్క చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీ మీద ‘100 ఏహెచ్’ అని రాసి ఉంటుంది. వంద ఆంపియర్ గంటలని అర్థం. ఒక ఆంపియర్ చొప్పున వాడితే వంద గంటలు, రెండు చొప్పున అయితే యాభై గంటలు వస్తుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. అయితే సీసం-ఆమ్లం బ్యాటరీని అడుగంటా వాడకూడదు. మాటిమాటికీ సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి నికరంగా చేతిలో ఉన్నది 50.

ఇంజిను ఆపి, వల వేసి, 12 గంటలు రాత్రి గడిపే పడవను ఉదాహరణగా తీసుకుందాం. జీపీఎస్, చేపల జాడ చూపే సోనార్ కలిపి రెండు ఆంపియర్లు లాగితే 24 అవుతుంది. వీహెచ్ఎఫ్ రేడియో వింటూ ఉండటానికి అర ఆంపియర్ చొప్పున 6. మాట్లాడేటప్పుడు అది ఐదారు ఆంపియర్లు తాగుతుంది, కానీ రాత్రి మొత్తంలో పది నిమిషాలే మాట్లాడితే 1. లంగరు దీపం పాతకాలపు 10 వాట్ల బల్బయితే 10. డెక్కు మీద రెండు 24 వాట్ల బల్బులు ఆరు గంటలు వెలిగితే 24. సెల్‌ఫోన్ల చార్జింగుకు 6. మొత్తం 71. ఉన్నది 50, ఖర్చు 71. ఈ ఇంటి సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది?

అదే దీపాలన్నీ ఎల్ఈడీవి పెడితే లంగరు దీపం ఖర్చు 10 నుంచి 2కు, డెక్కు దీపాల ఖర్చు 24 నుంచి 8కి దిగుతాయి. మొత్తం 47. అవే పనులు, అదే బ్యాటరీ. తెల్లవారుజామున రేడియో పలకడానికీ, పలకకపోవడానికీ తేడా రెండు మూడు బల్బుల్లో ఉంది. పడవను బట్టి అంకెలు మారతాయి, లెక్క పద్ధతి మారదు.

చెక్‌పోస్టు లాంటి మీటరు

చాలామంది వోల్టుమీటరు ఉంటే చాలనుకుంటారు. కొండల్లో నేనూ అలాగే అనుకున్నాను. తీరిగ్గా ఉన్న బ్యాటరీ 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సగమైనట్టు. కానీ ఇంజిను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు పుణ్యమా అని మీటరు 14 వోల్టుల దాకా చూపిస్తుంది, లోపల బ్యాటరీ ఖాళీగా ఉన్నా సరే. బరువు వేసి ఉన్నప్పుడు తక్కువ చూపిస్తుంది. చార్జింగు తీసిన కొత్తలో ఎక్కువ చూపిస్తుంది. జ్వరం ఉన్నప్పుడు చేయి పట్టుకు చూసినట్టే, ఏదో తెలుస్తుంది కానీ పూర్తిగా తెలియదు.

సరైన సాధనం షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్. షంట్ అంటే బ్యాటరీ నెగటివ్ తీగ దారిలో కూర్చోబెట్టే ఒక లోహపు ముక్క. దానిగుండా కరెంటు పోతుంటే రెండు చివరల మధ్య మిల్లీవోల్టుల్లో తేడా వస్తుంది. ఒక రకం షంట్‌లో 500 ఆంపియర్లకు 50 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ తేడాను కొలిచి ఎంత పోతోంది, ఎంత వస్తోంది అని క్షణక్షణం కూడి తీసివేసి, ఇంకా ఎంత మిగిలిందో మీటరు చెబుతుంది. బ్యాంకు పాసుపుస్తకం అనుకోండి.

దీనికి ఒక షరతు ఉంది. ప్రతి నెగటివ్ తీగా షంట్ దాటే వెళ్ళాలి. ఒక్క తీగను నేరుగా బ్యాటరీకి తగిలించినా ఆ ఖర్చు లెక్కకు రాదు. చెక్‌పోస్టు పక్కన కాలిబాట వదిలేస్తే ఏమవుతుందో సైన్యంలో పనిచేసిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. బ్యాటరీ పాతబడేకొద్దీ వంద కాస్తా ఎనభై అవుతుంది, ఆ సంగతి మీటరుకు చెప్పాలి. నిండా చార్జి అయినప్పుడల్లా లెక్కను మళ్ళీ సరిచూసుకోవాలి.

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసిన పాఠకులకు ఈ మాట సులువుగా అర్థమవుతుంది. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి నీటి అడుగున ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్లు నడపడానికి గాలి ఉండదు. బ్యాటరీలే ప్రాణం. వేగంగా పోతే కొద్ది గంటల్లో ఖాళీ, నెమ్మదిగా పోతే ఎక్కువ కాలం. ఎంత మిగిలిందో తెలియకుండా కెప్టెన్ ఒక్క నిర్ణయమూ తీసుకోలేడు. పెద్ద ఓడలూ ఇందుకు మినహాయింపు కాదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో దాదాపు 300 మీటర్ల పొడవైన ‘డాలీ’ ఓడలో కరెంటు పోయింది. అదుపు తప్పి వంతెనను ఢీకొంటే ఆరుగురు కార్మికులు చనిపోయారు.

శ్రీకాకుళం నుంచి వేరావల్ దాకా

ఇది గుజరాత్ గొడవ, మనకేమిటి అనుకోవద్దు. వేరావల్ రేవులో చేపల పడవల మీద కూలికి వెళ్ళేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు ఎందరో ఉన్నారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గాక, 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ ఉదంతమే. వాళ్ళు బ్యాటరీ పోవడం వల్ల పట్టుబడ్డారని నేను అనడం లేదు. నీటి మీద గీత ఉండదనీ, ఆ గీతను చూపించే కన్ను బ్యాటరీతో పనిచేస్తుందనీ మాత్రమే అంటున్నాను. ఇంజిను పాడై పడవ కొట్టుకుపోతున్నప్పుడే జీపీఎస్, రేడియో ఎక్కువ అవసరం. అప్పుడే చార్జింగు కూడా ఆగిపోతుంది.

నా సూచనలు నాలుగు. ట్రాన్స్‌పాండరు ఇచ్చే ప్రతి పడవకూ బ్యాటరీ మానిటర్ కూడా ఇవ్వాలి. రేడియో, జీపీఎస్, ట్రాన్స్‌పాండర్లకు దీపాలతో, ఇంజిను స్టార్టరుతో సంబంధం లేని వేరే బ్యాటరీ ఉండాలి. ఒకే బ్యాటరీతో నెట్టుకురావాల్సి వస్తే, బలం తగ్గగానే ముందు డెక్కు దీపాలు ఆగిపోయి చివరిదాకా రేడియో మిగిలేలా తీగలు వేయాలి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పడవ ఎక్కడుందో చెప్పే సందేశంతో పాటు దాని బ్యాటరీ ఎంత మిగిలిందో కూడా ఒడ్డుకు చేరాలి. క్రమంగా బలం తగ్గుతూ ఆరిపోయిన చుక్క వేరు, నిండు బ్యాటరీతో ఉండి హఠాత్తుగా మాయమైన చుక్క వేరు. మొదటిదానికి సహాయం పంపాలి. రెండోదానికి సాయుధ సిబ్బందిని సిద్ధం చేసి పంపాలి. ఈ తేడా ముందే తెలిస్తే మన కోస్ట్‌గార్డుకు అంతకన్నా కావలసింది ఏముంది?

ఆ రోజు మేనల్లుడు పెద్దాయనకు కొత్త బ్యాటరీ అమ్మలేదు. పాతదాన్నే పూర్తిగా నింపి, షంట్ మీటరు ఒకటి అంటగట్టాడు. అంకెలు రాసుకోమని సగం వాడిన నోటుపుస్తకం కూడా ఇచ్చాడు. నేను హైదరాబాద్ రైలెక్కే రోజు దుకాణానికి ఫోనొచ్చింది. పెద్దాయనే. ‘‘రాత్రి రెండింటికి చూశాను, సగానికి దిగింది. డెక్కు మీద ఒక లైటు ఆపేశాను. పొద్దున దాకా రేడియో పలికింది’’ అన్నాడట. రాసుకున్నాడా లేదా అని అడిగించాను. రాసుకున్నాడట.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)