మూడో వంతు గడువుతో విచారణ ఖైదీకి విముక్తి

చిన్న దొంగతనం కేసులో అరెస్టయి, జామీనుదారులు దొరకక ఉప కారాగారంలోనే మగ్గుతున్న వ్యక్తి ఎన్నాళ్లు అక్కడ ఉండవలసి ఉంటుంది? నేరం రుజువు కాకముందే శిక్ష అనుభవించే ఈ దుస్థితికి చట్టం ఒక హద్దు విధించింది. నేర విచారణ స్మృతి స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ హద్దును తగ్గించింది.

పాత స్మృతిలో 2006 నుంచి అమలైన 436-ఎ సెక్షన్ ప్రకారం, ఆరోపిత నేరానికి నిర్దేశించిన గరిష్ఠ శిక్షలో సగకాలం జైలులో గడిపితే బెయిలుకు అర్హత లభించేది. కొత్త సంహితలోని 479వ సెక్షన్ ఆ నియమాన్ని కొనసాగిస్తూనే, గతంలో ఏ కేసులోనూ దోషిగా తేలని వారికి మూడో వంతు కాలం చాలునని పేర్కొంది. సాధారణ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. కనుక అటువంటి నిందితుడిని ఏడాది పూర్తికాగానే విడుదల చేయాలి. నివాస గృహంలో చోరీకి ఏడేళ్లు గనుక రెండేళ్ల నాలుగు నెలలు. నిందితుడి వల్ల జరిగిన జాప్యం ఈ లెక్కలోకి రాదు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు.

జామీను అక్కరలేదు

పేదలకు అసలైన ఊరట మరొకటి ఉంది. మూడో వంతు గడువు పూర్తయిన వారిని 'బాండు'పై విడుదల చేయాలని సెక్షన్ చెబుతోంది. సంహిత నిర్వచనం ప్రకారం బాండు అంటే జామీనుదారులు లేని స్వంత పూచీకత్తు. బెయిలు మంజూరైనా పొలం పాసుపుస్తకమో, ఇంటిపన్ను రసీదో చూపే మనిషి దొరకక లోపలే ఉండిపోయేవారికి ఈ ఒక్క పదం ఎంతో విలువైనది. అయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదన విన్న మీదట, కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేసి, జామీను కోరే అధికారం న్యాయస్థానానికి ఉంది.

గడువు పూర్తికాగానే కోర్టుకు దరఖాస్తు పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. 2024 జూలైకి ముందు నమోదైన కేసులలోని ఖైదీలకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 23న స్పష్టం చేసింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ హిమా కోహ్లి లోగడ తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు.

ఇదీ మెలిక

ఒకటికి మించిన నేరాలలో గాని, పలు కేసులలో గాని దర్యాప్తు లేదా విచారణ పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు లేదని అదే సెక్షన్ అంటోంది. దీనిని అక్షరాలా అన్వయిస్తే చిక్కే. రాత్రివేళ ఇల్లు జొరబడి చోరీ చేశారన్న ఒక్క ఫిర్యాదుపైనే రెండు, మూడు సెక్షన్లు నమోదు కావడం పరిపాటి. ఒక చేత్తో ఇచ్చినది మరో చేత్తో తీసుకున్నట్లే!

అభియోగపత్రం 60 లేదా 90 రోజులలో దాఖలు కాని పక్షంలో లభించే బెయిలు వేరు. దానికి ఈ లెక్కతో నిమిత్తం లేదు.

గడువు దాటినా కదలిక లేకపోతే ఖైదీ కుటుంబసభ్యులు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. నిర్బంధంలో ఉన్న వారికి న్యాయవాదిని ఉచితంగా నియమిస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా సహాయం లభిస్తుంది. క్రైమ్ నంబరు, నమోదైన సెక్షన్లు, రిమాండు తేదీ రాసుకుని వెళ్లడం మంచిది.