ఖాళీ మందు డబ్బా, పాత బ్యాటరీ, వాడిన ఆయిలు: రైతు తెలిసికొనవలసిన నిబంధనలు

పైరుకు పురుగుమందు కొట్టిన పిదప డబ్బా మిగులును. ట్రాక్టరు బ్యాటరీ కొన్నేండ్లకు నీరసించును. ఇంజనులోని ఆయిలు నల్లబడి మార్చవలసివచ్చును. ఈ మూడును పనికిరాని వస్తువులని మనము తలంతుము. కాని చట్టము వీనిని మామూలు చెత్తగా చూడదు. ఇవి హానికర వ్యర్థములు. వీనిని ఎట్లు భద్రపరచవలెనో, ఎవరికి అప్పగించవలెనో, ఏమి చేయరాదో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

పారవేసినది తిరిగి వచ్చు దారి

ఒక ఉదాహరణ తీసికొందము. భువనగిరి ప్రాంతపు రైతు ఒకరు పాత బ్యాటరీని బండిలో వేసికొని సికిందరాబాదు వచ్చెననుకొందము. రైల్వే స్టేషనుకు చేరువనే చిలకలగూడ కలదు. ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొనియుండు పేట అది. అట్టి పేటలో అనుమతి లేని తుక్కు వ్యాపారి ఎవరైనను ఆ బ్యాటరీని కొని, సీసము కొరకు పగులగొట్టినచో అందలి ఆసిడ్ ఎక్కడికి పోవును? ప్రక్కనున్న మురుగుకాలువలోనికి పోవును. సీసపు ధూళి పొరుగిండ్ల పిల్లలు ఆడుకొను నేలపై పడును.

నగరపు మురుగు చివరకు మూసీ నదిని చేరును. మురుగుశుద్ధి కేంద్రములు ఉన్నను, అవి ముఖ్యముగా మలినమును తొలగించుటకు ఏర్పడినవే గాని, సీసము వంటి లోహములను తీసివేయుటకు ఏర్పడినవి కావు. మూసీ నీటితోనే నగరమునకు దిగువన భువనగిరి, నల్లగొండ ప్రాంతముల రైతులు వరిని, పశువుల గడ్డిని పండించుచున్నారు. అనగా నాలుగు రూపాయలు హెచ్చుగా వచ్చునని రైతు ఎవరికో అమ్మిన వస్తువులోని విషము, కాలువ వెంట తిరిగి రైతుల పొలమునకే రాగలదు.

చట్టము ఎట్లు వచ్చినది

1984 డిసెంబరులో భోపాలులో జరిగిన విషవాయు దుర్ఘటన పిదప, 1986లో పర్యావరణ సంరక్షణ చట్టము చేయబడినది. దాని క్రింద 1989లో మొదటిసారిగా హానికర వ్యర్థముల నియమములు వచ్చినవి. 2016లో క్రొత్త నియమములు వెలువడినవి. బ్యాటరీలకు 2001లో ప్రత్యేక నియమములు రాగా, వానికి బదులు 2022లో మరింత విపులమైన నియమములు వచ్చినవి. పురుగుమందుల డబ్బాల సంగతి 1968 నాటి కీటకనాశినుల చట్టమును అనుసరించిన 1971 నాటి నియమములలో కలదు.

ఖాళీ మందు డబ్బా

డబ్బా ఖాళీయైనను దాని గోడలకు మందు అంటియుండును. కడిగితిమి గదా యని అందులో మంచినూనె, కిరసనాయిలు, విత్తనములు పోసి ఉంచువారు గలరు. 2013 జులై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామములో బడి మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. మన ఇండ్లలో ఇట్టిది జరుగకుండవలెనన్న డబ్బా ఇల్లు చేరకుండుటయే మార్గము.

1971 నాటి నియమములలో 44వ నియమము ఇట్లు చెప్పుచున్నది: వాడిన డబ్బాలను తిరిగి ఎవరును వాడకుండునట్లు చేయవలెను; బయట వదలివేయరాదు; పగులగొట్టి నివాసములకు దూరముగా పాతిపెట్టవలెను; డబ్బాలు కడిగిన నీరు గాని, మిగిలిన మందు గాని నీటిని, పరిసరములను పాడుచేయరాదు.

దీనిని పాటించుటకు సులభమైన పద్ధతి ఇది. మందు కలుపునప్పుడే డబ్బాలో నాల్గవ వంతు నీరు పోసి, మూత బిగించి, అర నిమిషము బాగుగా కుదిపి, ఆ నీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోయవలెను. ఇట్లు మూడుసార్లు చేయవలెను. దీనివలన డబ్బాలోని మందు వృథాకాక పైరుకే చేరును. కడిగిన నీరు పారబోయవలసిన పని ఉండదు. ఆపై డబ్బాకు పలుచోట్ల రంధ్రములు చేయవలెను. తిరిగి తీసికొను ఏర్పాటు మీ ప్రాంతములో ఉన్నచో అక్కడ ఇచ్చుట అన్నిటికంటె మేలు. అట్టిది లేనిచోట బావులకు, చెరువులకు, కాలువలకు, ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలెను. తగులబెట్టరాదు, ఆ పొగ విషపూరితము. బావిగట్టున గాని, పశువులు నీరు త్రాగు చోట గాని డబ్బాలను కడుగరాదు.

పాత బ్యాటరీ

ట్రాక్టరు బ్యాటరీ బరువులో సగముకంటె హెచ్చు సీసమే. మిగిలిన దానిలో గంధకామ్లము, ప్లాస్టికు ఉండును. సీసము రక్తములో చేరినచో పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతినును. ఎంత స్వల్పమైనను ఇది హాని లేనిదని చెప్పదగిన పరిమాణము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

అయినను ఇదే సీసము తిరిగి తిరిగి పనికివచ్చు లోహము. అనుమతి పొందిన కర్మాగారములలో బ్యాటరీని యంత్రముతో పగులగొట్టి, ప్లాస్టికును వేరుచేసి, ఆమ్లమును విరిచి, పొగను వడబోయు ఏర్పాటుగల కొలిమిలో సీసమును కరగింతురు. ఆ సీసముతో మరల బ్యాటరీలే తయారగును. పెరట్లో పొయ్యిమీద కరగించు వారికి ఈ ఏర్పాటు లేమియు ఉండవు.

2022 నాటి నియమముల ప్రకారము పాత బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులది. వాడుకదారుని విధి రెండు మాటలలో చెప్పవచ్చును: పాత బ్యాటరీని ఇతర చెత్తలో కలుపరాదు, సేకరించుటకు గాని, మరమ్మతు చేయుటకు గాని, శుద్ధిచేయుటకు గాని పూనుకొన్న సంస్థకే ఇయ్యవలెను. కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు బ్యాటరీపై ఉండుటకు కారణమిదే. క్రొత్త బ్యాటరీ కొనునప్పుడు పాతదానిని ఆ దుకాణదారునకే ఇచ్చి ధర తగ్గింపించుకొని, రసీదు తీసికొనుట ఉత్తమము. ఆసిడ్‌ను పారబోయక, బ్యాటరీని నిలువుగా ఉంచి తీసికొని పోవలెను. ఆసిడ్ ఒంటిపై పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడుగవలెను.

వాడిన ఆయిలు

ఇంజనులో కాలిన ఆయిలులో లోహపు రజను, మసి చేరియుండును. దీనిని గుంజలకు పూయుట, చెదలపై పోయుట, పొయ్యిలో మండించుట కొందరికి అలవాటు. నేలలో ఇంకిన ఆయిలు బావినీటిని చెరచును. మూతగల డబ్బాలో, నీరు గాని పురుగుమందు గాని కలియకుండ నిలువచేసి, ఆయిలు మార్చు వర్కుషాపు ద్వారా అనుమతిగల శుద్ధి కర్మాగారమునకు చేర్చవలెను. అక్కడ నీటిని, మలినములను తీసివేసి మరల కందెనగా తయారుచేయుదురు. ఆయిలు తయారీదారులపై దీని బాధ్యత 2024 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఎవరిని అడుగవలెను

శుద్ధి కర్మాగారములకు అనుమతి ఇచ్చునది కాలుష్య నియంత్రణ మండలి. తెలంగాణ మండలి కార్యాలయము హైదరాబాదులోని సనత్‌నగర్‌లో కలదు. మీ మండల వ్యవసాయాధికారిని, గ్రామ విస్తరణాధికారిని సంప్రదించినచో దగ్గరి మార్గము తెలుపగలరు. ఒక రైతు ఇచ్చు బ్యాటరీ ఒకటే కావచ్చును. ఊరి రైతులు కలసి సహకార సంఘము వద్ద ఒకచోట చేర్చినచో, అనుమతిగల సంస్థకు ఊరివరకు వచ్చి తీసికొనిపోవుట గిట్టుబాటగును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మందు డబ్బాను మూడుసార్లు కడిగి, రంధ్రములు చేయుడు. అందులో తినువస్తువు లేవియు ఉంచవలదు.

2. బ్యాటరీని పగులగొట్టవలదు, పగులగొట్టువారికి అమ్మవలదు.

3. వాడిన ఆయిలును నేలపై పోయవలదు, మండించవలదు.

4. ఎవరికిచ్చినను అనుమతి ఉన్నదా యని అడిగి, రసీదు పొందుడు.

తుక్కు వ్యాపారి ఇచ్చు హెచ్చు ధర ఒక్క పూటలో ఖర్చగును. బావినీరు చెడినచో దానిని బాగుచేయుట ఒక తరమునకైనను కాకపోవచ్చును.