‘ఆగనిది’ అంటే ఎన్ని రకాలు?

“ఏమప్పా, నేను జామీను ఉన్నింది ఆ ఒక్క అప్పుకే కదా? అది తీరి రెండేండ్లాయె. మల్లీ నాకెందుకు నోటీసు?”

చాలా ఏళ్ల క్రితం, బళ్లారి వైపు నేను పనిచేసిన ఒక శాఖలో ఓ పెద్దాయన అడిగిన మాట ఇది. మేనల్లుడి కిరాణా కొట్టుకు తీసుకున్న క్యాష్ క్రెడిట్‌కు ఆయన పూచీ ఉన్నారు. మేనల్లుడు ఒకసారి బాకీ మొత్తం కట్టేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుని సంతోషించారు కూడా. అయితే ఖాతా మూయలేదు. మళ్లీ డబ్బు తీశాడు, కట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి కొట్టు మూతపడింది, నోటీసు మామగారికి వెళ్లింది.

ఆయన సంతకం చేసిన కాగితం పైన ‘కంటిన్యూయింగ్ గ్యారంటీ’ అని ఉంది. గ్యారంటీ అనే మాట ఆయనకు తెలుసు. ముందున్న మాటను ఆయన చదవలేదు. పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి, “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ” అని సంతకాలు చేయించిన వాణ్ణి నేనే. నేనూ ఆ మాట ఆయనకు విప్పి చెప్పలేదు. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి విరిపించి బాకీలో జమకట్టిన చేతులు కూడా నావే.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 129వ సెక్షన్ ప్రకారం, వరసగా జరిగే లావాదేవీలన్నిటికీ వర్తించే పూచీని కంటిన్యూయింగ్ గ్యారంటీ అంటారు. మధ్యలో బాకీ సున్నా అయినంత మాత్రాన అది తెగదు. 130వ సెక్షన్ ప్రకారం, ఇకపై జరిగే లావాదేవీలకు నేను పూచీ కాదని అప్పిచ్చినవారికి నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చు. అప్పటిదాకా పేరుకున్న బాకీ మాత్రం వదలదు. పూచీదారు చనిపోతే ఆపై లావాదేవీలకు పూచీ ఆగిపోతుందని 131వ సెక్షన్ చెబుతుంది గానీ, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే సుమా! బ్యాంకు ఫారాల్లో చాలావరకు వేరేగానే రాసి ఉంటుంది. మీలో ఎవరైనా ఎప్పుడో బంధువుకు పూచీ ఉండి మరచిపోయి ఉంటే, ఓసారి వెళ్లి ఆ ఖాతా ఉందో మూశారో కనుక్కోండి. తప్పుకోదలిస్తే ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

అప్పటినుంచి ‘ఆగనిది’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట ఏది కనిపించినా నేను ఆగి చూడడం మొదలుపెట్టాను. డిక్షనరీ తీస్తే అన్నిటికీ ఒకే అర్థం ఇస్తుంది, ‘ఎడతెగని’ అని. అన్నీ ఒకటే అయితే ఇంగ్లీషువాళ్లకు అన్ని మాటలెందుకు?

పిల్లల్ని తికమక పెట్టే జంట కంటిన్యువస్, కంటిన్యువల్. మొదటిదానికి మధ్యలో సందు ఉండదు. రెండోది ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, అయినా వదలదు. ధ్యానం తైలధారలా ఉండాలని రామానుజాచార్యులు చెప్పింది కంటిన్యువస్. అఖండ దీపం కంటిన్యువస్. పక్కింటివారు చక్కెరకని, కాఫీ పొడికని చీటికీ మాటికీ రావడం కంటిన్యువల్. రోజంతా వస్తే కంటిన్యువస్ అవుతుందేమో, దేవుడు ఆ గతి పట్టించకుండు గాక!

ఇన్సెసెంట్ అన్నప్పుడు కొంచెం విసుగు కూడా కలుస్తుంది. వానకు, మొరిగే కుక్కకు, వాగుడుకు ఆ మాట వాడతారు. చల్లని గాలికి వాడరు. మనకు ‘ఎడతెరిపి లేని’ అన్న మాట ఉంది. వాన కాసేపు తెరిపి ఇస్తే బజారుకు వెళ్లొద్దామని గుమ్మంలో నిలబడ్డవాడి విసుగు అందులో ఉంది. అస్తమానం అన్నదీ అలాంటిదే. “అస్తమానం ఆ ఫోనేనా?” అంటాం గానీ “అస్తమానం చదువుకుంటున్నాడు, బంగారుకొండ” అని ఏ తల్లీ అనదు.

ఇంటర్మినబుల్‌లో మన రైల్వే టెర్మినస్ ఉంది. చివరి స్టేషనే రాని ప్రయాణమన్నమాట. దీనికి మనవాళ్లు రెండు పేర్లు పెట్టారు. పొడుగు భరించలేకపోతే కొండవీటి చేంతాడు. తగువు ఆరకపోతే రావణకాష్ఠం. పొలం గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కితే చేంతాడు కాదు, రావణకాష్ఠమే.

పెరెన్నియల్‌లో ఉన్నది లాటిన్‌లో సంవత్సరమనే మాట, యాన్యువల్‌లో ఉన్నదే. నదికైతే ఏడాది పొడుగునా నీరుండడం. యానాం పాఠకులకు గోదావరి ఎదురుగానే ఉంది. వేసవిలో ఇసుక మిగిలే మా హగరిని ఆ మాటతో పిలవలేం. మొక్కకైతే ఏళ్ల తరబడి బతకడం. పెరట్లో మల్లె పెరెన్నియల్, బంతి యాన్యువల్. ఇల్లు నిత్యకల్యాణం పచ్చతోరణంగా ఉండాలని దీవించే పెద్దలు కోరేది ఈ రకమే.

నేను అన్నిటికన్నా భయపడేది పర్పెచ్యువల్‌కు. కంపెనీ చట్టంలో అది సాధువే. సభ్యులు చనిపోయినా కంపెనీ చావదని చెప్పడానికి వాడతారు. బాండు మీద మాత్రం జాగ్రత్త. పర్పెచ్యువల్ బాండు అంటే వడ్డీ ఎప్పటికీ వస్తుందని కొన్నవారున్నారు. అసలు అర్థం, అసలు తిరిగి ఇవ్వడానికి గడువు తేదీ లేదని. ఆగనిది మన రాబడి కాదు, వాళ్ల వాయిదా! 2020 మార్చిలో ఒక ప్రైవేటు బ్యాంకును గట్టెక్కించేటప్పుడు 8,415 కోట్ల రూపాయల ఇలాంటి బాండ్లను రద్దుచేశారు. కొన్నవారిలో మామూలు కుటుంబాలవారూ ఉన్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ ఏడాదే సెబీ ఈ రకం బాండ్లకు కనీసం కోటి రూపాయలన్న నిబంధన పెట్టింది. ఇంకో తమాషా. 1750లలో బ్రిటన్ ప్రభుత్వం గడువు లేకుండా మొదలుపెట్టిన కన్సాల్స్ అనే బాండ్లలో చివరివి 2015లో తీర్చేశారు. శాశ్వతమన్నది 260 ఏళ్లకు ముగిసింది.

మా బ్యాంకు భాషలో ఎవర్‌గ్రీన్ కూడా మంచి మాట కాదు. పాత బాకీ మొండిదని బయటపడకుండా కొత్త అప్పిచ్చి పాతది తీర్చినట్లు చూపడాన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు. ఎండిన చెట్టుకు ఆకుపచ్చ రంగు వేయడం.

మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుతారు, తెలుగు ఇంట్లో వింటారు. చీటికీ మాటికీ, ఎడతెరిపి, రావణకాష్ఠం అన్నీ ఆ ఇంట్లో మాటలే. ఇంగ్లీషు పరీక్షకు అవి ఎంత పనికొస్తాయో మా మేనకోడలికి చెప్పి చూశాను. రెండో రోజే కంటిన్యువస్‌కు, కంటిన్యువల్‌కు తేడా వాళ్ల నాన్నకు నేర్పింది.

ఆ పెద్దాయన తర్వాత నేను పెన్సిల్ గుర్తులు పెట్టడం మానలేదు. కాకపోతే ముందు కాగితం పేరు తెలుగులో చెబుతాను. అలా ఒకసారి, తమ్ముడి అప్పుకు పూచీ పడడానికొచ్చిన ఒకావిడకు, “ఇది ఒక్క అప్పుతో పోయేది కాదమ్మా, ఖాతా సాగినంతకాలం సాగే పూచీ” అన్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, “ఇంట్లో అడిగి రేపొస్తాను సార్” అని లేచింది. మళ్లీ రాలేదు. ఆ నెల అప్పుల లక్ష్యం ఒకటి తగ్గిందని మా మేనేజరు నామీద రుసరుసలాడారు, ఇన్సెసెంట్‌గా.