హోటలు బిల్లులో నాట్యం

హోటలు బిల్లు చదివి సంతోషపడ్డ మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండకపోతే, ఇదుగో, నేనున్నాను.

2019 వేసవిలో అమ్మాయి దగ్గరికని అమెరికా వెళ్ళాను. ఒక శనివారం సాయంత్రం శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో కూచిపూడి ప్రదర్శన ఉందంటే ఇంటిల్లిపాదీ బయలుదేరాం. ప్రదర్శన ముగిసేసరికి బాగా పొద్దుపోయింది. అల్లుడి ఇల్లు చాలా దూరం కావడంతో ఆ రాత్రికి హోటల్లో దిగాం. తెల్లవారి బిల్లు చూద్దును గదా, గది అద్దె 200 డాలర్లు, దాని కింద హోటలు పన్ను 28 డాలర్లు!

"ఇదేమిటి నాయనా, నిద్రపోయినందుకు కూడా పన్నేనా?" అన్నాను.

అల్లుడు నవ్వి, "రాత్రి మీరు చూసిన నాట్యానికి ఇందులో వాటా ఉంది, మామయ్యగారూ" అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదట. రాత్రి హాల్లో ఇచ్చిన కార్యక్రమ పత్రం ఇంకా నా జేబులోనే ఉంది. వెనకపేజీ తిప్పి చూస్తే, నగర ప్రభుత్వం వారి కళా గ్రాంటు సహాయంతో ఈ ప్రదర్శన జరుగుతున్నదని అడుగున చిన్న అక్షరాలతో అచ్చయి ఉంది. ఆ ఊళ్ళో హోటలు పన్ను నూటికి 14. ఆ పధ్నాలుగులో ఒకటిన్నర వరకూ కళలకూ సంస్కృతికీ కేటాయించాలని 2018లో ఓటర్లే నిర్ణయించారు. అంటే మేము కట్టిన 28 డాలర్లలో మూడు డాలర్ల దాకా ఏ గజ్జెల మోతకో, ఏ పిల్లల నాటకానికో చేరుతాయన్నమాట.

ఆ మూడు డాలర్ల దగ్గర నా మనసు ఎందుకు నిలిచిపోయిందో చెప్పాలంటే నా పాతకథ కొంచెం విప్పక తప్పదు.

మా ఊళ్ళో నేను పదిహేడేళ్ళపాటు ఒక నాటక సమాజానికి కార్యదర్శిగా ఉన్నాను. కార్యదర్శి అంటే పేరు గొప్పేగాని, చేసే పని చందాలు దండటం. రసీదు పుస్తకం చంకలో పెట్టుకొని బట్టల కొట్లకూ, బియ్యం మిల్లులకూ, డాక్టర్ల ఇళ్ళకూ తిరిగేవాణ్ణి. "నిన్నగాక మొన్ననే గదండీ ఇచ్చాం" అనేవారు కొందరు. ఆ మొన్న అన్నది నిరుటి మాట. మునిసిపల్ చైర్మన్‌గారు ఒకరు పద్యాలంటే చెవి కోసుకునేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏటా ఉగాదికి అయిదువందల రూపాయలు ముట్టేవి. అందుకు ప్రతిఫలంగా ఆయన్ను వేదిక మీదికి పిలిచి, దండ వేసి, ఉపన్యాసం వినాలి. ఒక ఏడు ఆ ఉపన్యాసం గంటన్నర సాగింది. హరిశ్చంద్రుడు తెర వెనక ముఖానికి రంగు పూసుకొని, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడు గంటలయింది. చూడటానికి మిగిలింది వేరుసెనక్కాయల అబ్బాయి, మేమూ.

తరవాత వచ్చిన చైర్మన్‌గారికి నాటకాలంటే ద్వేషమేమీ లేదు. మమ్మల్ని తలుచుకోవలసిన అగత్యం ఆయనకు కలగలేదు, అంతే. అయిదువందలూ ఆగిపోయాయి. టౌను హాలు అద్దె పెరిగింది. 1998లో మా సమాజం హార్మోనియం అమ్మి, ఆ డబ్బుతో తబలా ఆయనకు బాకీ తీర్చి, తలుపులు మూసింది. మమ్మల్ని ఎవరూ చంపలేదు. మేము బతికి తీరాలని ఏ కాగితం మీదా రాసిలేదు, అదే మా జబ్బు.

ఆ కాగితమే శాన్‌ఫ్రాన్సిస్కోలో నాకు కనబడింది.

అది ఒక్కరోజులో పుట్టింది కాదు. 1929లో మొదలైన గొప్ప ఆర్థిక మాంద్యంలో ఆ నగరపు సింఫనీ వాద్యబృందం దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. 1935లో పౌరులు ఓటు వేసి, ఆస్తి పన్నులో అర సెంటు పద్దును ఆ వాద్యబృందానికి కట్టబెట్టారు. ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజుల్లో, ఫిడేళ్ళు వాయించేవారి కోసం తమ మీద తామే పన్ను వేసుకున్నారు! 1961 నాటికి మరో ఉపాయం తోచింది. ఊరు చూడటానికి వచ్చేవారు బస చేసే గదుల మీద పన్ను వేసి, అందులో కొంత ఊరి కళాసంస్థలకు పంచడం. యాత్రికులు వచ్చేది ఊరి అందమూ ఆటపాటా చూడటానికే గదా, వాటిని నిలబెట్టే ఖర్చులో వారూ ఒక చెయ్యి వెయ్యాలని తర్కం.

పంచే పద్ధతి తెలుసుకుంటే నాకు మరీ ముచ్చట వేసింది. సంస్థ లాభాపేక్ష లేనిదిగా రిజిస్టరై ఉండాలి. ఆ ఊళ్ళోనే జనానికి ప్రదర్శనలు ఇస్తూ ఉండాలి. జమాఖర్చులు చూపించాలి. నియమాలు ముందే అచ్చువేసి అందరికీ ఒక్కటిగా అందుబాటులో ఉంచుతారు. దరఖాస్తులను తెలిసినవారు కూర్చుని తూచి చూస్తారు. పెద్ద సంస్థలకు వచ్చే మొత్తం పెద్దదే అయినా, వారి బడ్జెట్టులో అది చిన్న పాలు. చిన్న సంస్థలకు పాలు ఎక్కువ. అన్నిటికంటె ముఖ్యం, ఈ గ్రాంటు ఫలానా నాటకానికని కాక సంస్థ నడవటానికే ఇస్తారు. గది అద్దె, కరెంటు బిల్లు, లెక్కలు రాసే గుమాస్తా జీతం, వీటికి వాడుకోవచ్చు. మన దాతలు కిరీటాలు కొనిపెడతారుగాని, కిరీటాలు దాచుకునే గదికి అద్దె ఎవరు కడతారు?

అలాగని అక్కడ అంతా పాలూ తేనే ప్రవహిస్తున్నాయని నేను చెప్పబోవటంలేదు. డబ్బున్న చోట తగాదా ఉండనే ఉంటుంది. సింఫనీ, ఆపెరా, బాలే వంటి పెద్దలకే సింహభాగం పోతున్నదనీ, నల్లవారు, చైనావారు, మెక్సికోవారు మొదలైనవారి కళలకు మెతుకులే మిగులుతున్నాయనీ గొడవ లేచింది. ఆ గొడవ ఫలితంగానే 1993లో చిన్న సమూహాల కళల కోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. ఆ గ్రాంటుల వారే 1978లో రకరకాల జాతుల నృత్యోత్సవం మొదలుపెట్టారు. మన కథక్, కూచిపూడి వంటివి కూడా ఆ వేదిక ఎక్కాయి. 2016లో హోటలు పన్నులో కళలకు స్థిరమైన వాటా కోరుతూ ఓటింగు పెడితే, మూడింట రెండు వంతులు కావలసి ఉండగా 64 శాతం దగ్గరే ఆగి ప్రతిపాదన వీగిపోయింది. వాళ్ళు ఇంటికి పోయి పడుకోలేదు. 2018లో మళ్ళీ వచ్చి, దాదాపు 75 శాతం ఓట్లతో నెగ్గారు.

ఇంకో లోపం కాలమే చూపించింది. 2020లో కరోనా మహమ్మారి వచ్చి హోటళ్ళు ఖాళీ అయితే పన్ను కుప్పకూలింది. సరిగ్గా నటులకూ నర్తకులకూ వేదిక లేకుండా పోయిన సమయంలోనే నిధీ ఎండింది. ఒక్క బావిని నమ్ముకుంటే ఇంతే. మనం ఇటువంటి ఏర్పాటు చేసుకున్ననాడు, మంచి సంవత్సరాలలో కొంత వెనకేసుకునే షరతు కూడా రాసుకోవాలి.

"మనం ఎక్కడ, అమెరికా ఎక్కడ?" అంటారేమో! ఒక్కసారి మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు కనిపిస్తుంది. పన్ను రూపాయికి 8 పైసలు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు ఊరూరా తిరిగి, 1914లో బెజవాడలో మహాసభ జరిపి, పుస్తకం ప్రజల హక్కు అని చాటిన ఉద్యమం ఆ పైసల వెనక ఉంది. 1948 మద్రాసు చట్టం, 1955 హైదరాబాదు చట్టం, 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం, ఇవన్నీ ఆ బాటలో వచ్చినవే. శాన్‌ఫ్రాన్సిస్కోవారు ఫిడేలుకు చేసిన పనిని మనవారు పుస్తకానికి చేశారు. వసూలైన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరక బకాయిలు పేరుకుపోవటం మనం ఎరిగినదే. అయినా అడగటానికి ఒక హక్కంటూ ఉంది. చందా అడిగేవాడికి ఆ హక్కు లేదు.

కళల మాట మన రాజ్యాంగం మరిచిపోలేదు. 1992 నాటి 74వ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. పన్నెండవది ఉద్యానవనాలు, ఆటస్థలాలు. పధ్నాలుగవది శ్మశానాలు. ఆ రెంటి నడుమ పదమూడవది సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల అభివృద్ధి. మన మునిసిపాలిటీలు పార్కు దాకా నడిచి, అక్కడినుంచి ఒక్క గంతులో శ్మశానానికి వెళ్ళిపోతున్నట్టు నాకు తోస్తుంది. మధ్యలో మా హరిశ్చంద్రుడు ఇంకా రంగు పూసుకొని కూర్చునే ఉన్నాడు.

నేను అడిగేది పెద్ద మొత్తమేమీ కాదు. రూపాయికి ఒక్క పైసా చాలు. లేదా లాడ్జి గదుల మీద వచ్చే ఆదాయంలో చిటికెడు. కాని దానికి నియమాలు అచ్చువేయాలి. చైర్మన్‌గారు మారినా ఆ పద్దు మారకూడదు. ఎవరికెంత ఇచ్చారో పురపాలక సంఘం గోడమీద అంటించాలి. దండలూ ఉపన్యాసాలూ షరతుల్లో ఉండకూడదు.

మా సమాజపు చివరి రసీదు పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అందులో పన్నెండు రసీదులు రాయకుండా మిగిలాయి. అమెరికానుంచి వచ్చాక ఆ హోటలు బిల్లు మడిచి వాటి మధ్యనే పెట్టాను. మా ఊరి కుర్రాళ్ళు కొందరు ఈమధ్య మళ్ళీ నాటకం వేస్తామంటూ వచ్చి, చందాలు ఎలా దండాలో చెప్పమన్నారు. రసీదు పుస్తకం ఇవ్వలేదు. ఆ బిల్లు తీసి వాళ్ళ చేతిలో పెట్టి, "ముందు మునిసిపల్ ఆఫీసుకు వెళ్దాం, పదండి" అన్నాను.